బాకాలో ఒండ్రు

భీమానది మా ఊర్లకు రాత్రి రెండింటికి వచ్చింది.
నాకు సరిగ్గ యాదున్నది ఒక్కటే:
మా బ్యాండు మేళం పెద్ద డోలు
పుట్టి లెక్క తేలుకుంట
బడి గోడ దాటిపోవుడు.

మక్తల్ మార్కెట్ యార్డుల జాగ ఇచ్చిన్రు.
కాంటాల పక్కన, వడ్ల బస్తాల నడుమ
నూట నలభై మందిమి.
రేకుల మీద నాలుగు చినుకులు పడితె చాలు
పిల్లగాండ్లు లేచి బస్తాలు ఎక్కేటోళ్లు.
మాట లేదు, ఏడుపు లేదు.
ఎక్కి, కిందికి చూసేటోళ్లు.

పట్నం నుంచి ఒకామె వచ్చింది, మంచిదే.
రంగు పెన్సిళ్లు పంచి
మనసుల ఏమున్నదో గీయుమన్నది.
అందరు నీలం పెన్సిలే అడిగిన్రు.
ఇరవై ఆరు మందికి మూడే నీలాలు.
కొట్లాట.

నేను దయతోటి చేసిన అనుకోవద్దు.
పక్కూరు పెండ్లికి బయానా తీస్కున్న, రెండు వేలు,
అవి ఖర్సయిపోయినయి.
నెల దినాలల్ల బారాత్.
ఊర్లకు పోయి బురద గెలికితె దొరికినయి
ఒక క్లారినెట్టు, ఒక సైడు డ్రమ్ము,
మూతి సొట్టపోయిన బాకా,
తాళాల జతల ఒక్కటి.
రెండోది నది ఉంచుకున్నది.
వాయించేటోళ్లల్ల ఇద్దరు లేరు.
వాళ్ల పేర్లు ఇక్కడ రాయను,
ఇంటోళ్లు చదువుతరు.

"కడిగినోళ్లకు మిర్చీ బజ్జీలు" అన్న.
మాశప్ప వచ్చిండు, చాంద్ పాషా, సుంకులు, దాని చెల్లె,
ఎనుక ఎనుక ఉరుకుందు.
బాకాల సైకిల్ చైను తోలి గుంజితె
ఒండ్రు, ఒండ్రు, ఇంకింత ఒండ్రు,
ఒక ఎండ్రకాయ పిల్ల,
పచ్చ గాజు ముక్క.
గాజును సుంకులు కడిగి గట్టు మీద పెట్టింది.
ఎవరిదని ఎవరు అడగలే.
తెల్లారి అది అక్కడ లేదు.

పాషా నీళ్లు మింగి బతికినోడు.
ఊపిరి మొత్తం ఇడిస్తె మళ్ల రాదేమోనని
క్లారినెట్టుల సగమే ఊదేటోడు.
నేను వాని పక్కన కూసోని
నా బొజ్జ మీద వాని చెయ్యి పెట్టుకున్న.
"చూడు, పోతది. చూడు, వస్తది."
ఇదే పాఠం, వారం దినాలు.

ఉరుకుందుకు డ్రమ్ము ఇచ్చిన.
వాని తమ్ముని చెయ్యి
వాని చేతులకెల్లే జారింది, అందరికి ఎరుకే.
వాడు కొట్టిండు. మూడు దినాలు కొట్టిండు.
దాంట్ల తాళం లేదు, పాట లేదు.
నాలుగో నాడు తోలు పలిగింది.
నా దిక్కు చూసిండు,
తన్నులకు తయారైన మొకం.
"ఆరు వందలు" అన్న. "మూటలు మోసి కట్టు."
మోసిండు. కట్టిండు.
కొత్త తోలు తానే బిగించిండు,
చెవి ఆనించి, ఏలుతోటి మీటుకుంట.
ఎంత బిగిస్తె పలుకుతదో
ఎంత బిగిస్తె పలుగుతదో
వానికిప్పుడు ఎరుక.

ఓ రాత్రి వాన.
రేకులు దడదడ.
పిల్లలు లేచిన్రు, బస్తాలు ఎక్కిన్రు.
సుంకులు సగం ఎక్కి ఆగింది.
"మాస్టరు, వాన తాళం తప్పుతున్నది" అన్నది.
దిగి, రెండు పుల్లలు తీస్కోని
నూనె డబ్బా మీద
ఒకటి రెండు మూడు నాలుగు,
వానకు నేర్పుతున్నట్టు.
పాషా మొత్తం ఊపిరి ఊదిండు.
బాతు మొత్తుకున్నట్టు వచ్చింది.
బస్తాల మీద ఎవరో నవ్విన్రు.
కొందరు దిగిన్రు.
తెల్లారేదాక మీదనే కూసున్నోళ్లు గూడ ఉన్నరు.
ఉన్నది ఉన్నట్టు చెప్తున్న.

పెండ్లికి పోయినం.
ఐదు పాటలే వచ్చు, తిప్పి తిప్పి అవే కొట్టినం.
పిలగాని తండ్రి గునిసి
వంద తక్కువ ఇచ్చిండు.
తోవ పొడుగుత గోడల మీద నీళ్ల గీత,
మనిషి ఎత్తు.
దాని కింద నడుసుకుంట వాయించినం.
ఒంటి తాళాన్ని సుంకులు చెల్లె
చెంచాతోటి కొట్టింది.

ఉరుకుందు ఇప్పటికి ఏటి దిక్కు చూడడు.
బారాత్ ఒడ్డు తోవ పడితె
నదికి వీపు పెట్టి
అడ్డంగ, ఎండ్రకాయ లెక్క నడుసుకుంట కొడతడు.
"సక్కగ నడువు పోరగా" అని ఎవరన్న అనబోతె
నేను బాకా ఎత్తుత.
వాళ్ల మాట వానికి ఇనబడది.